బల్బుకు పెట్టిన అట్ట టోపీ

కామ్‌రేజ్ దగ్గర, సూరత్ పోయే హైవే మీద కొత్త హోటల్ ఒకటి తెరిచారు. మొన్న ఆదివారం మా ఆయన పట్టుబట్టి తీసుకెళ్లాడు. లోపల ప్రతి బల్ల మీదా ఒక దీపం వేలాడుతోంది. ప్రతి దీపానికీ అట్టతో చేసిన గొడుగు ఉంది. సరుకులు ప్యాకింగై వచ్చే పెట్టెల అట్టే. పై పొర ఊడదీసి, లోపలి గీతలు బయటికి తేల్చి, చిల్లులు పొడిచి చుట్టారు. పారేసే పెట్టెలతో చేతిపనిగా చేయించామని గోడ మీద గొప్పగా రాసుకున్నారు. వచ్చినవాళ్లందరూ తలలు పైకెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు.

"మమ్మీ, కిత్నా మస్త్ హై! నాదొకటి తీయ్ నా" అని మా అమ్మాయి దాని కింద నిలబడింది.

నేను వెయిటర్‌ని పిలిచి వేరే బల్ల ఇమ్మన్నాను. ఇంకో బల్ల చూపించాడు. దాని మీదా అదే. వెనక గదిలో ఉందా అన్నాను. అక్కడా అదే.

"నీకు యాడికి వొయినా వంకలే" అన్నాడు మా ఆయన. "ఇయ్యాల దీపం బాగలేదంటున్నవ్. రేపు చెంచా బాగలేదంటవ్."

మెడ నొప్పిగా ఉందని చెప్పి, తిన్నానంటే తిన్నాననిపించి బయటికి వచ్చేశాను. మెడ నొప్పీ లేదు, ఏమీ లేదు. ఆ అట్ట గొడుగులంటే నాకు ఒళ్లు మంట. ఎందుకో మా ఆయనకు చెప్పలేదు, పిల్లకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి మా బాపు. ఆయనకూ చెప్పలేదు.

నా చిన్నప్పుడు మేము సూరత్ నగరంలోని లింబాయత్‌లో ఒక గదిలో ఉండేవాళ్లం. వంట, పడక, నా చదువు, అమ్మ పని అన్నీ అందులోనే. కిటికీ ఒకప్పుడు ఉండేదట. పక్కవాళ్లు మేడ లేపేసరికి దానికి గోడ అడ్డమొచ్చింది. అందుకని పట్టపగలు కూడా గది నడుమ వైరుకు వేలాడే బల్బు వెలుగుతూనే ఉండేది. సందు ఎంత ఇరుకంటే, మేము మౌసీ అని పిలిచే ఎదురింటామె తన గడపలో కూర్చునే మా పొయ్యి మీద కూర ఏమిటో వాసన పట్టి, అందులో ఉప్పు తక్కువైందని కూడా చెప్పేది. ఆమె మహారాష్ట్ర మనిషి. మా అమ్మా ఆమే వచ్చీరాని హిందీలో రోజంతా మాట్లాడుకునేవారు.

మా గది వెనక గోడకు ఆనుకుని మగ్గాల కార్ఖానా. పగలూ రేయీ టకాటకా కొడుతూనే ఉండేది. ఆ దెబ్బకు మా స్టీలు పళ్లేలు అల్మరాలో సన్నగా అదురుతూ ఉండేవి. అమ్మ సర్వపిండి కాలుస్తుంటే నువ్వుల వాసన, నూనె వాసన, దాంతో పాటు గోడ అవతలి నుంచి మగ్గాల నూనె వాసన కలిసి వచ్చేవి. ఇప్పుడు నేనెంత బాగా చేసినా సర్వపిండి ఏదో తక్కువైనట్టే ఉంటుంది. మా అమ్మాయేమో దాన్ని 'గోల్ వాలా పరాఠా' అంటుంది. పిల్ల తప్పేముంది లెండి.

బాపుది, అమ్మది ఉత్తర తెలంగాణలో ఒకే పల్లె. పెళ్లైన నెలకే సూరత్ వచ్చి ఇద్దరూ ఒకే కార్ఖానాలో చేరారు. బాపు మగ్గాల మీద, అమ్మ ఆ చివర మూలన బాబిన్లు చుట్టే మిషన్ మీద. అన్ని మగ్గాలు ఒక్కసారి కొడుతుంటే గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు రానివ్వకుండా, పెదాలు బాగా కదిపి మాట్లాడుకుంటారు. అవతలివాళ్లు నోరు చూసి మాట పట్టుకుంటారు. మేము దాన్ని కార్ఖానా మాట అనేవాళ్లం. అమ్మ ఈ చివరి నుంచి "ఇయ్యాల పప్పుచారు" అంటే బాపు ఆ చివరి నుంచి "ఎల్లిపాయ ఎక్కువెయ్" అనేవాడట.

"అందరికీ ఆ మాట అస్తది గదనే. మరి మీ ముచ్చట్లు అందరు సూసేటోళ్లు గదా" అని ఒకసారి అమ్మను అడిగాను.

"సూస్తే సూసిండ్రు. మాది మాకే తెల్సేటట్టు మాట్లాడుకునేటోళ్లం" అని నవ్వింది. ఏం మాట్లాడుకునేవారో మాత్రం ఎంత బతిమాలినా చెప్పలేదు.

నేను పుట్టాక అమ్మ కార్ఖానా మానేసి ఇంట్లోనే దాగా కటింగ్ పెట్టుకుంది. అంటే చీరల వెనకవైపు వేలాడే దారాలు కత్తెరతో కత్తిరించే పని. బాపు మగ్గం మీదే ఉండిపోయాడు. ఏళ్ల తరబడి ఆ మోతలోనే ఉన్నాడు కాబట్టి నాకు తెలివి వచ్చేసరికే ఆయన చెవులు పోయాయి. పటాకా చెవి పక్కన పేలితే తల తిప్పేవాడు, అంతే. అయినా మా ఇంట్లో అదొక లోపమని ఎవరూ అనుకోలేదు. కార్ఖానా మాట ఇంటికి వచ్చింది. నేను మాట్లాడ్డం నేర్చుకున్నది కూడా అలాగే, సగం గొంతుతో, సగం వట్టి పెదాలతో. మా బడిలో మగ్గాల ఇళ్ల ఆడపిల్లలం ఐదారుగురం ఉండేవాళ్లం. పరీక్షల్లో గది ఆ చివరి నుంచి ఈ చివరికి చప్పుడు లేకుండా జవాబులు చేరేసుకునేవాళ్లం. "ఈ తెలుగు పిల్లలు పరీక్షలో ఇంత నిశ్శబ్దంగా ఉంటారేంటి" అని టీచరమ్మ మమ్మల్ని మెచ్చుకునేది కూడా.

ఒక్క కరెంటు పోతేనే కష్టం. మాకు ఫ్యాన్ పోయేది, బాపుకు మనుషులు పోయేవారు. చీకట్లో బిగుసుకుని కూర్చునేవాడు. దీపం వెలిగించగానే ముందు అమ్మ మొహం చూసేవాడు, తర్వాత నా మొహం.

ఊళ్లన్నీ మూయించిన ఆ రోగం వచ్చిన మొదటి ఏడాది నాకు పదకొండేళ్లు. ఒక పొద్దున మగ్గాలు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ గోడ అవతల రోజుల తరబడి చప్పుడు లేకపోవడం నాకదే మొదలు. అల్మరాలో పళ్లేలు అదరడం మానేశాయి. బాపుకు చప్పుడు వినపడదు కదా, కానీ నేల అదురు పాదాలకు తెలిసేది. అది ఆగేసరికి ఆయనకు నిద్ర కరువైంది. మాటిమాటికీ లేచి చెప్పుల్లేకుండా గోడ దగ్గర నిలబడేవాడు.

"మొత్తమే సచ్చిందే నేల" అనేవాడు అమ్మతో.

మా సందులో సగం గదులకు తాళాలు పడ్డాయి. ఒడియావాళ్లు, బీహారువాళ్లు మూటలు కట్టుకుని పోయారు. మావాళ్లు కూడా చాలామంది బస్సులు మాట్లాడుకుని ఊరికి పోయారు. మాకు ఊళ్లో ఇల్లూ లేదు, పొలమూ లేదు. ఉండిపోయాం. రోజూ అంబలి, ఎవరో పంచిన ఖిచిడీ, మౌసీ ఇచ్చిన పచ్చడి. ఆకలి కంటే బాపును ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాస్కు. ఊరంతా ఒక్కసారిగా నోళ్లు మూసుకుంది. రేషన్ లైన్లో మాస్కు వెనక నుంచి ఒకతను పేరడిగితే బాపు "రెండు కిలోలు" అన్నాడు. లైనంతా నవ్వింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి ఆయన కూడా నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. కూర్చుని తన గుడ్డ మాస్కుకు నోటి దగ్గర కత్తెరతో కిటికీ కోసి, చీరల మీద వచ్చే అవతలిది కనిపించే ప్లాస్టిక్ కవరు ముక్క అక్కడ కుట్టింది. పెట్టుకుని "ఇప్పుడు కనవడ్తుందా" అంది. రెండు మాటలు అనేసరికి ఊపిరికి ప్లాస్టిక్ అంతా ఆవిరి పట్టింది.

"ఏం కనవడ్తది? స్నానం చేసి అచ్చినట్టున్నవ్" అన్నాడు బాపు. దాన్ని విప్పేసి, ఇక ఇంట్లో ఎవరూ మాస్కు పెట్టొద్దని అమ్మ తీర్పు చెప్పింది.

కార్ఖానా మూసేటప్పుడు దారం వచ్చే అట్టపెట్టెలు, ఖాళీవి, ఎవరికి కావలిస్తే వాళ్లు పట్టుకెళ్లమన్నారు. బాపు ఒక మోపు తెచ్చాడు. గ్యాస్ అయిపోతే పొయ్యిలో పెట్టొచ్చని అమ్మ లెక్క. నాకేమో అవి ఆట. బడి లేదు, బయటికి పోనివ్వరు. అట్టతో బీరువా చేశాను, బస్సు చేశాను, మౌసీ పిల్లికి ఇల్లు చేశాను. పిల్లి అందులోకి ఒక్కరోజు కూడా వెళ్లలేదు. మొదట్లో నేనెటు మడిస్తే అటు విరిగిపోయేది. బాపు చూసి, నా చేతిలోది తీసుకుని, అట్ట అంచు చూపించాడు.

"అట్టకు గూడ పడుగు ఉంటది బిడ్డా. గీ నరాలు ఎటు పోతున్నయో సూడు. గటే సుట్టాలె. అడ్డం సుడితే ఇరుగుతది" అన్నాడు. తర్వాత పై కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి, చిరగకుండా ఊడదీసి చూపించాడు. లోపల గీతలు గీతలుగా అట్ట బయటపడింది. తడిసిన అట్ట వాసన, దారం నూనె వాసన కలిసి గదంతా నిండింది. మగ్గం ముట్టుకోక నెలలైన చేతులవి. ఆ అట్టను ఎంత ప్రేమగా నిమిరాడో నాకింకా గుర్తే.

రెండో ఏడాది మగ్గాలు సగం తిరిగాయి, మళ్లీ ఆగాయి. ఈసారి జ్వరం మా సందులోకే వచ్చింది. రోజూ అంబులెన్సు సైరన్లు. గాలి మళ్లినప్పుడల్లా కాలిన వాసన. అదేమిటని నేను అడగలేదు, పెద్దవాళ్లు చెప్పలేదు. అమ్మకు ఒకనాడు ఒళ్లు నొప్పులు, మర్నాడు జ్వరం. బాపు నన్ను మౌసీ ఇంటికి తరిమాడు. తరమడమంటే నాలుగడుగుల సందు దాటించడమే. మౌసీ గడపలో కూర్చుంటే మా గది తలుపులోంచి అమ్మ కాళ్లు, బాపు వీపు కనిపించేవి. మౌసీకి కూడా భయం ఉండే ఉంటుంది. అయినా "బేటీ, ఖానా ఖాలే" అని రోజూ రెండు పూటలా నా ముందు పళ్లెం పెట్టింది.

అమ్మకు జ్వరం కంటే తలనొప్పి ఎక్కువైంది. బల్బు వెలుతురు కళ్లల్లో సూదుల్లా గుచ్చుకుంటోందని కొంగు కప్పుకుని పడుకునేది. బల్బు ఆర్పితే బాపుకు ఏమీ తెలియదు. కొంగు కప్పుకుంటే నోరు కనపడదు. ఆయన ఆ కొంగు తీసి "ఏమన్న కావాల్నా" అనడం, ఆమె కళ్లు మూసుకుని వెలుతురుకు మొహం తిప్పేసుకోవడం. ఆ గోల మౌసీ గడప నుంచి చూస్తుంటే నాకు ఉండబట్టలేదు.

"బాపూ, బల్బుకు టోపీ చేస్త" అన్నాను సందు ఇవతల నుంచి, పెదాలతో.

ఆయన మొహం వెలిగింది. పెద్ద పెట్టె ఒకటి సందులోకి విసిరాడు. మౌసీ మైదా ఉడికించి జిగురు చేసి ఇచ్చింది. నేను పై పొర నానబెట్టి ఊడదీశాను. నరాలు చూసుకుని గుండ్రంగా చుట్టాను. ఊరికే ఉంటే బాగుండదని దబ్బనంతో చిల్లులు పొడిచాను. అమ్మ కత్తిరించే చీరల అంచుల మీద చిన్న చిన్న మామిడి పిందెలు ఉండేవి, ఆ పిందెల వరుస పొడిచాను. పైన అడ్డంగా అట్ట పట్టీ, దానికి బల్బు హోల్డరు పట్టేంత రంధ్రం. రెండు పొద్దులు పట్టింది. పని చేస్తున్నంతసేపూ నాకు సంతోషంగానే ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి. అమ్మ జ్వరంతో పడి ఉంటే, నేను చేసినది ఎంత అందంగా వస్తోందో అని మురిసిపోయాను.

బాపు గడపలోకి వచ్చి చూసి, ఒక సలహా చెప్పాడు.

"ఈ దిక్కు జర కిందికి దించు. కార్ఖానల బత్తికి ఉంటది సూడు, గట్ల. వెలుతురు కిందికి పడాలె గని మనిషి మొకం మీద పడొద్దు."

కార్ఖానాలో మగ్గం మీద వేలాడే దీపాలకు రేకు గొడుగులు ఉంటాయి. నేసే బట్ట మీద వెలుతురు పడాలి, నేసేవాడి కళ్లల్లో పడకూడదు. జీవితమంతా ఆ దీపాల కింద నిలబడ్డ మనిషి. దీపానికి గొడుగంటే ఆయనకు తెలిసింది అదే. కార్ఖానాలో పై రేకుల సందుల్లోంచి పగటి వెలుతురు వచ్చేదనీ, దానితోనే ఆయన ఆ చివర అమ్మ నోరు చూసేవాడనీ మా ఇద్దరికీ తట్టలేదు. నేను అమ్మ పడుకునే మూల వైపు అంచును మరో జానెడు దించాను.

బాపు స్టూలెక్కి తగిలించాడు. మూల చల్లగా నల్లబడింది. చిల్లుల్లోంచి మామిడి పిందెలు గోడ మీద వరుసగా పడ్డాయి. అమ్మ మొహం మీద నుంచి కొంగు తీసి చాలాసేపు చూసింది.

"సల్లగున్నది బిడ్డా" అంది. "గిది మన చీర అంచే గదా. మస్తు చేసినవ్."

అప్పటికి ఆమె లేచి కూర్చునేది. ఏదైనా చెప్పాలంటే మోచేతుల మీద కొంచెం ముందుకు జరిగి, వెలుతురులోకి మొహం పెట్టి చెప్పి, మళ్లీ వెనక్కి వాలేది. బాపు కాఫీ తెచ్చేవాడు, గంజి తెచ్చేవాడు. ఆ రెండు రోజులు నేను చేసిన టోపీ అమ్మను బాగు చేస్తోందనే అనుకున్నాను. మౌసీతో కూడా చెప్పుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం. మౌసీ లోపల రొట్టెలు చేస్తోంది, నేను గడపలో ఉన్నాను. అమ్మ చెయ్యి పైకి లేచి బాపు చొక్కా పట్టుకుంది. ఆయన వంగాడు. ఆమె ఏదో అంటోంది. ఆయన గ్లాసుతో నీళ్లు పెట్టాడు, చేత్తో నెట్టేసింది. దుప్పటి కప్పాడు, తోసేసింది. ఫ్యాన్ పెంచాడు. తల అడ్డంగా తిప్పింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆమె మొహానికి మూరెడు దూరంలో తన మొహం పెట్టాడు.

"ఏందే? మళ్ల చెప్పు. ఇంకొకపారి చెప్పు" అంటున్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ కొంచెం పెద్దదే, సందంతా వినపడింది. అమ్మకు గొంతు లేదు, ఊపిరే సరిగా అందడం లేదు. ఈసారి ముందుకు జరగలేకపోయింది.

నేను సందు దాటి మా గడప దాకా పోయాను. అక్కడి నుంచి నాకు కనిపించింది అమ్మ గడ్డం, దాని మీద ఒక చుక్క వెలుతురు. ఆ పైన అంతా నీడ. పెదాలు కదులుతున్నాయని తెలుస్తోంది, ఏమంటున్నాయో తెలియడం లేదు. ఒక్క అడుగు లోపలికి వేసి ఆ టోపీని ఒక్క గుంజు గుంజితే సరిపోయేది. నాకు తోచలేదు. పన్నెండేళ్ల పిల్లకు తోచకపోతే తప్పేమిటని ఇన్నేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. బాపు నన్ను చూసి "రాకు, దగ్గరికి రాకు" అని అరిచాడు. నేను వెనక్కి వచ్చేశాను.

మౌసీ ఎవరికో ఫోన్ చేసింది. చాలాసేపటికి అంబులెన్సు రోడ్డు మీదికి వచ్చింది, సందులోకి రాదు. తెల్లటి ముసుగులవాళ్లు ఇద్దరు అమ్మను చాప మీదే ఎత్తుకుని పోయారు. ఎండలోకి వచ్చేసరికే ఆమె మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టేశారు. ఆమె బాపు వైపు చూసింది. ఆయన వెంట పరుగెత్తుతూ ఆమె మొహాన్నే చూస్తున్నాడు. చూడటానికి కళ్లు తప్ప ఏమీ లేవు.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ఫోన్ బాపుకు వినపడదు, మౌసీ విని నాకు చెప్పింది. నేను మా గడపలో నిలబడి బాపుకు పెదాలతో చెప్పాను. అమ్మ చనిపోయిన సంగతి మా బాపుకు చెప్పిన నోరు నాదే.

ఆ తర్వాత మౌసీ ఇంటి నుంచి నన్ను మా గదికి పంపారు. నేను అమ్మ మూలలోనే కూర్చున్నాను. బాపు ఎదురుగా ఆయన చోట కూర్చున్నాడు. "అన్నం పెట్టాల్నా" అని అడిగాను.

"ఏమన్నవ్?" అన్నాడు.

మళ్లీ అన్నాను. ఆయన మెడ చాచి చూశాడు. "ఏమన్నవ్ బిడ్డా? కనవడ్తలేదు" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. తల ఎత్తి ఆ అట్ట టోపీ వైపు చూశాను. మర్నాడు బాపు నీళ్లకు పోయినప్పుడు స్టూలెక్కి దాన్ని తీసి, ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. తిరిగి వచ్చి బల్బు చూసి ఎందుకు తీశావని అడిగాడు. బూజు పట్టిందన్నాను.

ఆయనకు అనుమానమే రాలేదు. తన కళ్లు కూడా పోయాయనుకున్నాడు. "మూరెడు దూరంల ఉన్న మనిషి మాట దొరకలె. గంత పెద్ద కార్ఖానల గా కొస నుంచి దొరికేది" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. దుకాణాలు తెరవగానే కళ్లజోడు కొనుక్కున్నాడు. కళ్లద్దాల దుకాణమాయన నీ కళ్లు బాగానే ఉన్నాయన్నా వినకుండా కొన్నాడు. అది పెట్టుకుని నా ఎదుట కూర్చుని, చీకట్లో తాను చూసినంతవరకు అమ్మ గడ్డం ఎట్లా కదిలిందో తన గడ్డంతో కదిపి చూపించేవాడు.

"గిట్ల అన్నది. సూడు. గిట్ల. ఏమన్నట్టు?"

ఒక్కోసారి ఒక్కో రకంగా కదిపేవాడు. నాకేమీ తెలిసేది కాదు. తెలియదంటే, మళ్లీ మొదటి నుంచి చూపించేవాడు.

మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి గానీ మా వెనక కార్ఖానా తెరవలేదు. పాత మగ్గాలను పాతసామాన్లవాడు వచ్చి తూకానికి పట్టుకుపోయాడు. బాపుకు పల్సానా వైపు పని దొరికింది. గది ఖాళీ చేశాం. మౌసీ నా తల నిమిరి డబ్బాలో రొట్టెలు పెట్టి ఇచ్చింది. షేర్ ఆటోలో నేనూ బాపూ, కాళ్ల దగ్గర రెండు మూటలు. అప్పటికింకా మాస్కులు తీయనివ్వడం లేదు. దారిలో బాపు మళ్లీ మొదలుపెట్టాడు. తన మాస్కు కిందికి లాగి గడ్డం కదిపి "గిట్ల అన్నది" అన్నాడు. ఆటోలో నలుగురూ చూస్తున్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మాస్కు తీయలేదు. మాస్కు వెనక నుంచే, గట్టిగా, పూర్తి గొంతుతో చెప్పేశాను.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయి బాపూ. నేను చేసిన టోపీతోటే అమ్మ మొకం నీకు కనవడలె. నేనే. నా తోటే."

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. పక్కావిడ నా భుజం మీద చెయ్యి వేసింది. వాళ్లెవరికీ తెలుగు రాదు. బాపు వాళ్ల మొహాలు చూసి, నా వైపు తిరిగాడు. కళ్లజోడు సరిచేసుకున్నాడు.

"ఏమన్నవ్ బిడ్డా?"

మాస్కు కిందికి లాగాను. నా మొహం మీద మధ్యాహ్నపు ఎండ పడుతోంది. ఏ మాటంటే ఆ మాట ఆయనకు అందేది.

"ఆకలైతుంది బాపూ" అన్నాను.

మాట వెంటనే దొరికినందుకు ఆయనకు సంతోషమైంది. డ్రైవరు భుజం తట్టి ఆటో ఆపించి, రోడ్డు పక్క బండి దగ్గర శనగపిండితో చేసే ఖమణ్ కట్టించుకుని వచ్చాడు. కాగితం విప్పి నా ఒళ్లో పెట్టాడు. నేను తింటుంటే, ఇంకేమైనా అంటానేమోనని, నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన బతికినన్నాళ్లూ అట్లాగే చూశాడు. నేనేమీ అనలేదు.